నాన్న పోలిక నేరమా?

(ధ్యానమునకు: యోహాను సువార్త 9వ అధ్యాయము)



పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని మన పెద్దల సామెత. దీనిని మనము ఎప్పుడూ ఒకరిని తప్పుపట్టుటకే వాడతాము. పుట్టుకతో వచ్చినదైతే అది తప్పు ఎలా అవుతుందని మాత్రము అడగము. నలభై ఆరవ ఏట నేను ఆ ప్రశ్న అడగవలసి వచ్చింది.

మా అబ్బాయికి ఆరేళ్లప్పుడు వైద్యులు ఆటిజం అని చెప్పారు. వాడికి శబ్దములంటే భయమా, రోజూ ఒకే కూర కావాలా, ముఖము చూచి మాట్లాడతాడా అని ఒక్కొక్క ప్రశ్నే అడుగుతూ ఉంటే, నా భార్య జవాబు చెప్పి ప్రతిసారీ నా వైపు చూచింది. ఇంటికి వచ్చాక, "ఇవన్నీ మీకూ ఉన్నాయి కదండీ" అన్నది. ఆ మాట ఒక సంవత్సరము నన్ను నిద్రపోనివ్వలేదు. చివరకు నేనూ మానసిక వైద్యుని దగ్గరకు వెళ్లాను.

ఆటిజమునకు రక్తపరీక్ష లేదు, స్కానింగు లేదు. అది చిన్నతనములోనే మొదలయ్యేది కనుక, పెద్దవారిని పరీక్షించేటప్పుడు వైద్యులు బాల్యము గురించి అడుగుతారు. నాలుగేళ్ల వయస్సులో మిమ్మును చూచినవారు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. అమ్మ లేదు. ఇచ్ఛాపురము నుండి మా అక్క వచ్చింది. మన బరంపురములో రెండేళ్లకొకసారి జరిగే ఠాకురాణి యాత్ర డప్పులు వీధిలోకి రాగానే నేను బియ్యపు బస్తాల వెనుక దూరి చెవులు మూసుకొనేవాడినని, ఖాళీ అగ్గిపెట్టెలను గంటల తరబడి వరుసగా పేర్చేవాడినని చెప్పింది. చివర, "అయినా డాక్టరుగారూ, వీడిది అంతా మా నాన్న పోలికే" అన్నది.

మా నాన్నగారు పట్టుచీరల దుకాణములో గుమాస్తా. సంఘపు లెక్కలు 22 ఏళ్లు వ్రాశారు, ఒక్క పైసా తేడా రాలేదు. ఆరాధనలో కిటికీ ప్రక్క మూడవ బల్ల ఆయనది. అక్కడ వేరొకరు కూర్చుంటే బయట నిలబడి ప్రసంగము వినేవారు. ఆరాధన ముగియగానే ఎవరికీ చేయి ఇవ్వకుండా వెళ్లిపోయేవారు. ప్రేమవిందుకు ఏనాడూ ఆగలేదు. అందుచేత సంఘములో ఆయనకు గర్విష్ఠి అని పేరు వచ్చింది. ఒకసారి కూటములో ఒక పెద్ద ఆ మాట ముఖము మీదే అన్నారు. నాన్నగారు బదులు చెప్పలేదు. మరుసటి ఆదివారము మామూలుగానే లెక్కల పుస్తకము తెచ్చారు. 1998లో ప్రభువునందు నిద్రించారు.

నేనూ ఆయన గర్విష్ఠి అనే నమ్మాను. నా బాప్తిస్మము నాడు తక్కిన తండ్రులు తమ బిడ్డలను కౌగిలించుకున్నారు. మా నాన్నగారు నా తడి బట్టలు పిండి, అంచుకు అంచు కలిపి మడతపెట్టి, సంచిలో సర్దారు. చాలా ఏళ్లు ఆ సంగతి నా మనస్సులో ముల్లుగా ఉన్నది.

పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు, పాపము ఇతనిదా, కన్నవారిదా అని ప్రభువును అడిగారు. ఇద్దరిదీ కాదన్నాడు ప్రభువు. అయినను లోకము ఆ ప్రశ్న మానలేదు. 1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను గూర్చి వ్రాసి ఆటిజమును వైద్యలోకమునకు పరిచయము చేశాడు. తరువాత చాలా కాలము నేరము తల్లుల మీద పడింది. తల్లి ప్రేమ చూపకపోవుట వలననే బిడ్డ ఇలా అవుతాడని 1967లో బ్రూనో బెటెల్‌హైం పుస్తకమే వ్రాశాడు. ఎందరు తల్లులు ఆ నింద మోస్తూ ఏడ్చారో దేవునికే తెలుసు. 1977లో బ్రిటనులో ఫోల్‌స్టైన్, రట్టర్ అనే ఇద్దరు పరిశోధకులు 21 జతల కవలలను పరిశీలించి, ఇది వంశములో వచ్చేదని చూపించారు. 2019లో అయిదు దేశములలో 20 లక్షల మందికి పైగా పిల్లల వివరములు చూచి, మనుష్యుల మధ్య ఈ విషయములోని తేడాలలో దాదాపు 80 శాతము జన్యువుల వలననే అని లెక్క కట్టారు. దీని భావము, ఆటిజం ఉన్న తండ్రికి పుట్టే బిడ్డకు 80 శాతము అది వస్తుందని కాదు. కారణము ఒక్క జన్యువు కాదు, ఎన్నో ఉన్నవి. ఒకే ఇంట్లో ఒకరికి ఎక్కువగా, ఒకరికి కొద్దిగా కనబడవచ్చు, ఒకరికి అసలు లేకపోవచ్చు.

అయితే ఈ వయస్సులో ఆ పేరు తెలిసి ప్రయోజనమేమి? దేవుడు చేసినట్టు ఉండు, ప్రార్థించు, చాలదా అని ఒక సహోదరుడు ప్రేమతోనే అడిగారు. ప్రార్థన చాలును. కాని నేను నలభై ఏళ్లు తప్పు ప్రార్థన చేశాను. విందులో జనముతో కలిసి నవ్వలేనందుకు, నా పాపము క్షమించుమని వేడుకున్నాను. పాపము కానిదానికి క్షమాపణ అడుగుతూ, నిజముగా పాపమైన దానిని, అనగా నాన్నగారి మీద నా కోపమును, ఒప్పుకొనలేదు.

ఈ పేరు సాకు కాకూడదన్న మాట కూడా న్యాయమే. నా మాట కటువుగా తగిలి ఎదుటివారు నొచ్చుకుంటే, ఆటిజం అని చెప్పి తప్పించుకొనలేను, క్షమించమని అడగవలసిందే. ఎందుకలా జరిగిందో తెలిసినందున మరల జరగకుండా చూచుకొనే బాధ్యత ఎక్కువైనది, తగ్గలేదు.

మన ఇండ్లలో అసలు భయము వేరొకటి, పిల్లల సంబంధములు. పేరు బయటపడితే ఆడపిల్లకు పెండ్లి కాదని నోరు మూసుకొంటాము. ఆ భయమును నేను తేలికగా కొట్టివేయను, నాకూ కుమార్తె ఉన్నది. కాని దాచి చేసిన పెండ్లిలో మొదట మోసపోయేది మన బిడ్డే. కారణము తెలియని అత్తవారింట ఆమెనూ గర్విష్ఠి అంటారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును పేరు పెట్టి గుర్తించింది. సర్కారు సిగ్గు లేకుండా వ్రాసిన మాటను సంఘములో గుసగుసగా ఎందుకు పలకాలి?

ఇక నాన్నగారి సంగతి. ఆయనకూ ఇదేనా అని వైద్యుని అడిగాను. చనిపోయినవారికి నిర్ధారణ చేయలేమన్నారు. అది సరియైన మాట. నాన్నగారికి క్రొత్త పేరు పెట్టే హక్కు నాకు లేదు. కాని మేము పెట్టిన పాత పేరు తీసివేసే బాధ్యత నాకున్నది. పొరుగువాని మీద అబద్ధ సాక్ష్యము కూడదన్నది ఆజ్ఞ. తెలియక పలికినా, ఆయన హృదయమును చూడకుండా గర్విష్ఠి అన్నది అబద్ధ సాక్ష్యమే. తలిదండ్రులను సన్మానించుట అంటే వారి లోపములు దాచుట కాదు, వారి మీద మోపిన అబద్ధములను దించుట కూడా సన్మానమే.

ప్రియులారా, ప్రతి సంఘములోను చేయి ఇవ్వనివారు, విందుకు ఆగనివారు ఒకరిద్దరు ఉంటారు. వారందరికీ ఆటిజం అని ముద్ర వేయవద్దు. గర్వమని కూడా వేయవద్దు. మైకు శబ్దము కొంచెము తగ్గించండి, వారి బల్ల వారికి ఉంచండి, విందులో ఒక విస్తరి కట్టి ఇంటికి పంపండి.

పోయిన నెల మా అబ్బాయి బడి నుండి వచ్చి తన చొక్కా విప్పి, అంచుకు అంచు కలిపి మడతపెట్టాడు. నేను వాని ప్రక్కన కూర్చొని చాలాసేపు ఆ మడతను చూచాను. నా బాప్తిస్మము నాడు నాన్నగారు నన్ను కౌగిలించుకొనలేదని ఇక నేను అనను.

ప్రభువు మన కన్నులు తెరచునుగాక. ఆమేన్.