గూడుబండి ఆటలో తలరాత

వలస బండ్ల ప్రయాణాన్ని వీడియో గేమ్‌గా మలిచేవారికి మొదట ఎదురయ్యే చిక్కు చావుల గురించినది. దారిలో ఎవరో ఒకరు చనిపోవాలి. అందరూ క్షేమంగా చేరిపోతే ఆ ప్రయాణం అబద్ధమవుతుంది. ఎవరు పోవాలో, ఎందుకు పోవాలో నిర్ణయించే సూత్రాన్ని మాత్రం ప్రోగ్రాంలో ముందే రాసిపెట్టాలి. దైవమా, పురుషకారమా, వట్టి కాకతాళీయమా అని దర్శనకారులు శతాబ్దాలుగా తెగ్గొట్టలేకపోయిన వాదాన్ని గేమ్ డిజైనర్లు ఒక్క సాయంత్రంలో తేల్చేస్తారు. తేల్చామన్న సంగతి చాలాసార్లు వాళ్లకే తెలియదు.

ఈ కోవ ఆటల్లో అన్నిటికన్నా పేరున్నది ‘ది ఒరెగాన్ ట్రైల్’. 1971లో అమెరికాలోని మినియాపొలిస్‌లో ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న డాన్ రావిట్ష్, బిల్ హైనమన్, పాల్ డిలెన్‌బర్గర్ ఎనిమిదో తరగతి చరిత్ర పాఠం కోసం దాన్ని తయారుచేశారు. బొమ్మలు లేవు, టెలిప్రింటర్ కాగితం మీద అక్షరాలు పడేవి, అంతే. మిస్సోరిలోని ఇండిపెండెన్స్ నుంచి ఒరెగాన్‌లోని విల్లామెట్ లోయ దాకా పందొమ్మిదో శతాబ్దంలో వలసదారులు వెళ్లిన దాదాపు 3,200 కిలోమీటర్ల దారిలో వచ్చే ఆపదలను కంప్యూటర్ యాదృచ్ఛిక సంఖ్యలతో నడిపేది. తర్వాత రావిట్ష్ నాటి వలసదారుల డైరీలు చదివి, ఏ ఆపద ఎంత తరచుగా వచ్చేదో చూసి, ఆ సంభావ్యతలను సవరించారు. చరిత్ర పాఠానికి ఇంతకన్నా నిజాయితీ అక్కర్లేదు. అయితే గుంపు మొత్తానికి సరిపోయే లెక్క ఒక్క మనిషి దగ్గరికి వచ్చేసరికి మూగబోతుంది. కలరాతో ఎంతమంది పోయారో అది చెప్పగలదు. ఈ బండిలోని తల్లే ఎందుకు పోయిందంటే చెప్పలేదు.

ఆ బండ్లలో వెళ్లినవారి దగ్గర దీనికి జవాబు ఉండేది. వారిలో ఎక్కువమంది ప్రొటెస్టెంట్ క్రైస్తవులు. జరిగేదంతా దేవుడి సంకల్పమని నమ్మారు. ఆ నమ్మకానికి వారం వారం పరీక్ష పెట్టింది విశ్రాంతి దినమైన ఆదివారం. బయలుదేరేముందు రాసుకున్న కట్టుబాట్లలో కొన్ని బృందాలు ఆదివారం బండి కట్టకూడదన్న షరతు పెట్టుకునేవి. దారిలోని పడమటి కొండల కనుమలను మంచు పడేలోగా దాటకపోతే ప్రాణాలు దక్కవు. అందుకే సగం దారిలో ఆ షరతు మీద తగాదాలు రేగేవి, బృందాలు చీలేవి. ఆగినవాళ్లలో కొందరు, ఎద్దులకు వారానికో రోజు విశ్రాంతి దొరికింది కాబట్టి తామే ముందు చేరామని రాసుకున్నారు.

కొత్తగా ఆట తయారుచేసేవారు ఈ ఆదివారాన్ని ఏం చేయాలి? ఆగితే ఎద్దుల బలం పెరుగుతుందని సూత్రం రాస్తే, భక్తి లాభసాటి ఎత్తుగడగా మారుతుంది. దేవుడంటే గిట్టని ఆటగాడు కూడా ఆగుతాడు. ఏ ఫలమూ లేదని రాస్తే, ఆగినవాళ్లంతా మూర్ఖులన్న తీర్పు ఇచ్చినట్టే. ఆగితే మనసు కుదుటపడుతుందని మూడో కొలమానం పెడితే అది మధ్యేమార్గంలా కనిపిస్తుంది, కానీ మతమంటే మనోధైర్యానికి వేసే మందు మాత్రమేనన్న సిద్ధాంతం చడీచప్పుడు లేకుండా వచ్చి కూర్చుంటుంది. ఫలాపేక్ష లేని ఆచరణను, ఫలాలు తప్ప మరేదీ లెక్కించలేని యంత్రంలో చూపడం కష్టం. ఆస్తికులూ నాస్తికులూ ఒకేలా ఇబ్బందిపడే చోటు ఇది.

కలరా మరో రకం చిక్కు తెస్తుంది. 1849 నుంచి 1852 దాకా ఆ దారిలో అది ప్రబలింది. కలుషితమైన నీటికీ కలరాకూ సంబంధం ఉందని లండన్‌లో జాన్ స్నో 1854లో ఒక చేతిపంపు దగ్గర చూపించేసరికి ఈ చావులు చాలావరకు జరిగిపోయాయి. ఇప్పటి ఆటగాడికి నీళ్లు కాచి తాగాలని తెలుసు, తెర మీది మనిషికి తెలియదు. ఆ తెలివిని వాడుకోనిస్తే చావు ఆటగాడి అజాగ్రత్త అవుతుంది, వాడుకోనివ్వకపోతే విధి అవుతుంది.

తెలిసీ చేసిన తప్పుల్లోనూ విధి వాటా ఎంతన్నది 1846లో వలస బయలుదేరిన డోనర్ బృందం కథలో కనిపిస్తుంది. లాన్స్‌ఫర్డ్ హేస్టింగ్స్ తన పుస్తకంలో ఒక అడ్డదారి సూచించాడు. రాసేనాటికి ఆ దారిలో అతను నడిచి ఉండలేదు. ఆ దారి వద్దని జేమ్స్ క్లైమన్ ఫోర్ట్ లారమీలో హెచ్చరించినా బృందంలోని జేమ్స్ రీడ్ వినలేదు. సియెర్రా నెవాడా కనుమకు చేరేసరికి మంచు దారి మూసేసింది. చిక్కుకున్న ఎనభై పైచిలుకు మందిలో సగానికి కాస్త తక్కువమంది చనిపోయారు. కొందరు శవాల మాంసం తిని బతికారు. మంచు కొన్ని రోజులు ఆలస్యమై ఉంటే రీడ్ మొండితనం ఎవరికీ గుర్తుండేది కాదు. ఫలితాన్ని బట్టి తప్పు బరువు మారే ఈ స్థితిని 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ ‘నైతిక అదృష్టం’ అన్న పేరుతో చర్చకు పెట్టారు.

తెలుగు లోగిళ్లలో ఆడే వైకుంఠపాళిలోనూ ఈ ముడి ఉంది. నిచ్చెనలకు సద్గుణాల పేర్లు, పాములకు దుర్గుణాల పేర్లు పెట్టారు. కానీ భక్తి నిచ్చెన ఎక్కించేది గవ్వల పందెమే తప్ప ఆడేవాడి భక్తి కాదు. పూర్వజన్మ కర్మ అనుకుంటే గవ్వ న్యాయమే చేసింది. బండి ఆటకు ఆ వెసులుబాటు లేదు, అందులో బతుకు ఒక్కటే.

ఇంతదాకా వచ్చినవన్నీ బండిలో కూర్చున్నవారి ప్రశ్నలు. బండి ఎవరి నేల మీద నడుస్తోందన్నది వేరే ప్రశ్న. ఖండమంతా పరచుకోవడం తమకు దైవం రాసిపెట్టిన భవితవ్యమని 1845లో అమెరికా పత్రికల్లో నినాదం పుట్టింది. 1850 నాటి చట్టం ఒరెగాన్‌లో తెల్ల పురుషుడికి 320 ఎకరాలు, దంపతులకు 640 ఎకరాలు రాసిచ్చింది. చరిత్రకారుడు జాన్ అన్రూ లెక్క ప్రకారం 1840–60 మధ్య ఆ దారుల్లో మూలవాసుల చేతిలో 362 మంది వలసదారులు, వలసదారుల చేతిలో 426 మంది మూలవాసులు చనిపోయారు. దాడి చేసే మూలవాసులు ప్రధాన ప్రమాదంగా ఉండే ఆటకు ఈ అంకెల్లో ఆధారం దొరకదు. 2021లో గేమ్‌లాఫ్ట్ తెచ్చిన కొత్త ‘ఒరెగాన్ ట్రైల్’ మూలవాసీ చరిత్ర పండితుల సలహాతో పాత్రలనూ మాటలనూ సరిదిద్దింది. మేలైన పనే. అయినా చేరుకోవడమే గెలుపు అయినంతకాలం, ఈ ప్రయాణం చేయాల్సిందేనా అన్న ప్రశ్నకు ఆటలో చోటుండదు. ‘ది ఒరెగాన్ ట్రైల్’ 1985 నాటి రూపంలో మార్కుల పట్టిక చూస్తే సంగతి బోధపడుతుంది: ఆరోగ్యంగా చేరిన ప్రతి మనిషికి 500, బండికి 50, ఎద్దుకు 4. ఆట ధర్మశాస్త్రమంతా ఆ పట్టికలోనే ఉంది.

2019లో మూలవాసీ రచయితలు, చిత్రకారులతో వచ్చిన ‘వెన్ రివర్స్ వర్ ట్రైల్స్’ ఆ పట్టికనే మార్చింది. 1890లలో మూలవాసుల భూముల పంపకాల వల్ల మిన్నెసోటాలో నెలవు కోల్పోయిన అనిషినాబె తెగ మనిషి కాలిఫోర్నియా దాకా సాగుతాడు. దారిలో దేహం, మనసు, భావోద్వేగం, ఆత్మ నాలుగింటి క్షేమమూ చూసుకోవాలి. ఆత్మక్షేమం కూడా ఒక కొలతగా తెరకెక్కగానే ఆదివారం చిక్కు ఇక్కడా తలెత్తుతుంది. ఆ కొలతను ఆటగాడి కంటపడకుండా దాచవచ్చు. దాచినా, నాలుగుసార్లు ఆడినవాడు దాన్ని పసిగడతాడు.