కాలికి వెల కట్టవచ్చా?

బోధన్ రోడ్డు మీద ఒక సాయంత్రం మా తండా పిల్లగాని బండిని చెరకు లోడు ట్రాక్టరు గుద్దింది. కుడికాలు రెండు చోట్ల విరిగింది. అతను తాపీ పని చేసేవాడు. మూడో రోజు, పిల్లగాడు ఇంకా దవాఖాన మంచం మీద ఉండగానే, ట్రాక్టరు ఓనరు తరఫున పెద్దమనుషులు తండాకు వచ్చారు. నాయక్, కార్భారి కూర్చున్నారు. నలభై వేలకు మాట అయింది. ఏడాది గడిచినా ఆ కాలు మడత పడటం లేదు. పరంజా ఎక్కలేడు. "కోర్టుకు ఎందుకు పోలేదు?" అని అడిగితే వాళ్ళ యాడి అన్న మాట నన్ను వదలలేదు. "ఆ పైసలు మందులకు తీసుకున్నం. లక్షలు కావాలని కోర్టుకు పోతే కొడుకు కాలు అమ్ముకున్నరు అనరా?"

ఇది తెలియక అన్న మాట కాదు. ఇందులో ఒక ధర్మం ఉంది. మనిషి శరీరం సరుకు కాదన్నది ఆ ధర్మం. దాన్ని గౌరవిస్తూనే ఆ తల్లికి జవాబు చెప్పాలి.

కాలికి వెల లేదు, నిజమే. కానీ వెల లేనిది అంటే ఉచితం అని కాదు. పరిహారం అడిగేవాడు కాలును అమ్మడం లేదు. ఆ కాలు పోవడంతో ఇంకేమేం పోయాయో లెక్క అడుగుతున్నాడు. ఆగిపోయిన కూలి, మందుల ఖర్చు, కొడుకు పక్కన కూర్చున్నందుకు తల్లి పోగొట్టుకున్న పని దినాలు, రాబోయే ముప్పై ఏళ్ల సంపాదన, అనుభవించిన నొప్పి. 2010లో రాజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి టీచర్లు పిల్లలకు తప్పక చెప్పాలి. ఎడమ చెయ్యి పోతే డాక్టరు లెక్కలో వైకల్యం అందరికీ ఒకటే. కానీ డ్రైవరుకో వడ్రంగికో బతుకుతెరువు దాదాపు మొత్తం పోతుంది. ఆఫీసులో గుమాస్తాకు జీతం అంతగా పోకపోవచ్చు. కాబట్టి కొలవాల్సింది విరిగిన ఎముకను కాదు, ఆగిన బతుకును. రెక్కల కష్టం మీద బతికే మనకు ఈ తేడా చాలా పెద్దది.

లెక్క చూద్దాం. 24 ఏళ్ల యువకుడు నెలకు 12,000 సంపాదిస్తున్నాడు. సంపాదించే శక్తిలో 30 శాతం పోయిందని తేలితే ఏడాదికి నష్టం 43,200. ఆ వయసుకు కోర్టులు 18తో గుణిస్తాయి. 7,77,600 రూపాయలు అవుతుంది. వైద్యం ఖర్చు, నొప్పికి ఇచ్చేది వేరు. నలభై వేల పక్కన ఈ అంకెను పెట్టి చూడండి.

"రాజీ పడితే సంబంధాలు నిలుస్తాయి కదా" అంటారు. తండా పంచాయతీని నేను తక్కువ చేయను. కోర్టు గడప తెలియని కాలంలో మనల్ని నిలబెట్టింది అదే. కానీ రాజీకి ఇద్దరూ సమానంగా కూర్చోవాలి. కాలు నడుస్తుందో లేదో తెలియకముందే కుదిరిన మాటలో సమానత ఎక్కడిది? పైగా ఆ రోజు పంచాయతీకి రాని పెద్దమనిషి ఒకరున్నారు. అది బీమా కంపెనీ. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రతి బండికీ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. ఆ ప్రీమియం కట్టేదే ఇలాంటి రోజు కోసం. బీమా ఉన్న బండి గుద్దితే మనం క్లెయిమ్ వేయడం ఓనరు ఇల్లు కూల్చడం కాదు. చౌకగా రాజీ పడితే మిగిలేది కంపెనీ సొమ్మే. బీమా లేని బండి అయితే భారం ఓనరు మీదే పడుతుంది. అప్పుడు కూడా రాజీ లోక్ అదాలత్‌లో చేసుకుంటే అది కోర్టు డిక్రీతో సమానం.

"మన తప్పూ ఉంది, బండి మీద ముగ్గురున్నారు" అని వెనక్కి తగ్గేవాళ్లున్నారు. 2020లో మహమ్మద్ సిద్దిఖీ కేసులో సుప్రీంకోర్టు, ముగ్గురు ఎక్కారన్న ఒక్క కారణంతో పరిహారం తగ్గించరాదని, ఆ తప్పు ప్రమాదానికో గాయానికో కారణమైందని రుజువు కావాలని చెప్పింది. అంటే ముగ్గురు ఎక్కవచ్చని కాదు. హెల్మెట్ క్లెయిమ్ కోసం పెట్టుకునేది కాదు, తల కోసం.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. తనంతట తాను జారిపడిన వాడికి "వేరే బండి చూపిద్దాం, సగం నాకు" అనే దళారులు తయారవుతారు. ఆ పాపం చివరికి నిజంగా గాయపడ్డవాళ్ల మీద పడుతుంది. అబద్ధపు కేసులు పెరిగితే నిజమైన గాయాన్నీ అనుమానిస్తారు. హక్కు అడిగే నోరు శుభ్రంగా ఉండాలి.

చేయవలసింది కష్టమేమీ కాదు. 108కి ఫోన్ చేయాలి. సాయం చేసినవాళ్లకు చట్టం రక్షణ ఉంది. పోలీస్ స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ చేయించాలి. బిల్లులు, డిశ్చార్జి కాగితం, వైకల్య సర్టిఫికెట్ దాచుకోవాలి. ఆరు నెలల లోపు ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయాలని 2022 నుంచి నియమం. మనం నివసించే జిల్లాలోనే వేయవచ్చు. తీవ్ర గాయమైతే ఎవరి తప్పో నిరూపించకుండానే రెండున్నర లక్షలు కోరే దారి ఉంది. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోయినా తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2 లక్షలు వస్తాయి. ఎస్టీలకు, ఆదాయంతో పని లేకుండా, లాయర్ ఉచితం. 1987 చట్టం ఇచ్చిన హక్కు ఇది. నిజామాబాద్ కోర్టులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగాలి, లేదా 15100కి ఫోన్ చేయాలి.

2015 చివర్లో బోధన్ నిజాం షుగర్స్ మూతపడ్డాక ఇక్కడి చెరకు దూరపు ఫ్యాక్టరీలకు పోతోంది. మన పిల్లలు కూలికి రోజూ నిజామాబాద్ వెళ్లి వస్తున్నారు. ఇద్దరూ ఒకే రోడ్డు మీద కలుస్తున్నారు. అందుకే ఈ ప్రశ్న రెండు వైపులా పదునైనది. రేపు మన పిల్లగాడే ఇంకొకరిని గుద్దవచ్చు. మన బండికి బీమా లేకపోతే ఆ తల్లికి మనం ఏం చెప్తాం? మనకు రావలసింది అడగడం, ఎదుటివాడికి ఇవ్వడానికి సిద్ధంగా ఉండడం, రెండూ ఒకే ధర్మం.

ఆ యాడికి నేను చెప్పే జవాబు ఇదే. అమ్మా, నువ్వు కోర్టుకు పోతే కాలు అమ్ముకున్నట్టు కాదు. మూడో రోజే నలభై వేలు చేతిలో పెట్టి, నీ కొడుకు కాలిని చౌకగా కొన్నది వాళ్లు.