ఫుట్‌బాల్ కార్డుల బేరం, తులాధారుడి తక్కెడ

ఫుట్‌బాల్ గేమ్ తెరిచి, బంతి ముట్టుకోకుండానే గంటలు గడిపే కుర్రాళ్లున్నారు. వాళ్ల చూపంతా ట్రాన్స్‌ఫర్ మార్కెట్ మీదే. ఈఏ స్పోర్ట్స్ సంస్థ తన ఫిఫా గేమ్‌లో 2009లో ప్రవేశపెట్టిన అల్టిమేట్ టీమ్ విభాగంలో ఒక్కో ఫుట్‌బాల్ ఆటగాడూ ఒక్కో కార్డు. ప్యాక్ విప్పితే ఏ కార్డు వస్తుందో ముందుగా తెలియదు. ఫలానా కార్డే కావాలంటే కాయిన్లు ఇచ్చి మరో గేమర్ దగ్గర కొనుక్కోవాలి. ఫిఫా 22లో ఇండియన్ సూపర్ లీగ్ కూడా చేరడంతో హైదరాబాద్ ఎఫ్‌సీ ఆటగాళ్లూ ఈ బజారుకెక్కారు. 2023లో గేమ్ పేరు ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీగా మారింది. బజారు మాత్రం అలాగే ఉంది.

బేరం ఎలా సాగుతుందో ఒక్క కార్డుతో చూడవచ్చు. పదివేల కాయిన్లకు కొన్న కార్డును 11,000కి అమ్మితే అమ్మినవాడి చేతికి 11,000 రావు. ప్రతి అమ్మకంలోనూ కంపెనీ 5 శాతం కోసుకుంటుంది. 550 పోగా 10,450 మిగులుతాయి. లాభం 450. అంటే 10,527కి తక్కువకు అమ్మితే నష్టమే. గంట గడువుతో అమ్మకానికి పెట్టిన కార్డు జాబితాలో 59 నిమిషాల దగ్గర మొదలవుతుంది. తొందరపాటులో తక్కువ ధర వేసినవాళ్ల కార్డులు దొరికేది అక్కడే. అనుభవమున్నవాళ్లు కంపానియన్ యాప్‌లో ఆ 59వ నిమిషాన్నే పదే పదే వెతుకుతారు. ఇంకో పద్ధతి ముందే కొని దాచడం. కొన్ని కార్డులు అప్పగిస్తే బహుమతినిచ్చే స్క్వాడ్ బిల్డింగ్ చాలెంజ్‌లు (ఎస్‌బీసీలు) ఉంటాయి. ఏ రేటింగ్ కార్డులకు గిరాకీ వస్తుందో పసిగట్టి, చవగ్గా ఉన్నప్పుడు కొని, ఎస్‌బీసీ రాగానే అమ్మేస్తారు.

గోదావరి ప్రాంతంలోని రాయవరంలోనో, ఆ మండలంలోని పసలపూడిలోనో ఒక తల్లి, రాత్రి పొద్దుపోయాక కూడా ఫోన్ వదలని కొడుకుని "ఏం చేస్తున్నావురా?" అని అడిగిందనుకుందాం. "వ్యాపారం" అంటాడు వాడు. "జూదం" అంటుంది ఆవిడ. సంక్రాంతికి కోడిపందేల బరులు వెలిసే సీమలో ఆ మాట ఊరికే రాదు. మనుస్మృతి ప్రాణం లేని పాచికలతో ఆడేదాన్ని ద్యూతమనీ, ప్రాణులతో ఆడేదాన్ని సమాహ్వయమనీ వేరు చేసి, రెండింటినీ నిషేధించింది. ఈ కార్డుల బేరం ఆ రెంటిలో దేనికిందా సూటిగా ఇమడదు. మరి ఇందులో వచ్చే లాభం ధర్మమైనదేనా?

చట్టం ఈ ప్రశ్నను తనదైన దారిలో ఎదుర్కొంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆట మీద వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెబుతూ, రమ్మీలో ప్రధానమైనది నైపుణ్యమేనంది. అయితే క్లబ్బు ఆ ఆట మీద లాభం దండుకుంటుంటే సంగతి వేరని కూడా అంది. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, రమ్మీ, పోకర్ సహా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025లో వచ్చిన కేంద్ర చట్టం ఈ-స్పోర్ట్స్‌ను గుర్తిస్తూనే డబ్బు ఆటలను దేశమంతటా కాదంది.

ఐరోపాలోనూ ఇదే తర్జనభర్జన. బెల్జియం గేమింగ్ కమిషన్ 2018లో ఇలాంటి ప్యాక్‌లను జూదమని తేల్చడంతో 2019 జనవరి చివర ఈఏ అక్కడ, ప్యాక్‌ల కోసం అసలు డబ్బుతో కొనే ఫిఫా పాయింట్ల అమ్మకం ఆపేసింది. నెదర్లాండ్స్‌లో కోటి యూరోల జరిమానా పడింది. 2022 మార్చిలో అక్కడి అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం దాన్ని కొట్టేస్తూ, ప్యాక్ విడి ఆట కాదు, నైపుణ్యంతో ఆడే పెద్ద ఆటలో ఒక భాగం అంది. సికింద్రాబాద్ కేసులో మన కోర్టు పట్టుకున్న కొలబద్ద కూడా నైపుణ్యమే.

ఈ కొలబద్దతో చూస్తే కుర్రాడి పక్షాన గట్టి వాదన ఉంది. ప్యాక్ విప్పడం అదృష్టం మీద ఆధారపడ్డ పని. బేరం మాత్రం లెక్క, ఓపిక, జ్ఞాపకం మీద నడిచే పని. ప్యాక్‌లకు తగలేయడానికి డబ్బు లేని కుర్రాడు బేరాలతోనే మంచి జట్టు కూర్చుకుంటాడు. అంటే వాడికి ఈ వ్యాపారం జూదం నుంచి తప్పించుకునే దారి. ఈ మాటలో నిజముంది. కాకపోతే వాడు కొనే ప్రతి మేలు కార్డూ ఎక్కడో ఎవరో విప్పిన ప్యాక్‌లోంచి వచ్చిందే. జూదశాల గడప వాడు తొక్కకపోయినా, సరుకు వస్తున్నది మాత్రం అక్కడినుంచే.

జూదశాలను కౌటిల్యుడు బాగా ఎరిగినవాడు. అర్థశాస్త్రంలో ద్యూతాధ్యక్షుడనే అధికారి ఉంటాడు. జూదం ఒక్కచోటే జరగాలి. వేరేచోట ఆడితే 12 పణాల జరిమానా. పాచికలు అధ్యక్షుడే అద్దెకిస్తాడు. గెలిచిన సొమ్ములో నూటికి ఐదు వసూలు చేస్తాడు. ఈఏ తీసుకునేదీ నూటికి ఐదే. కాయిన్లను బయట డబ్బుకు అమ్మితే ఖాతా మూసేసే నిబంధన ఆ 12 పణాల జరిమానాకు వారసురాలు. కౌటిల్యుడి పట్టింపు దొంగలను కనిపెట్టడం, ఖజానా నింపడం. ఆడేవాడి మనసు ఏమవుతుందన్నది ఆయన ప్రశ్న కాదు. ఆ ప్రశ్నకు ఇంకోచోట వెతుక్కోవాలి.

రోమన్ రచయిత సిసిరో తన 'కర్తవ్యాలు' గ్రంథంలో ఒక చిక్కు పెట్టాడు. రోడ్స్ దీవిలో కరువు. ఒక వర్తకుడు అలెగ్జాండ్రియా నుంచి ధాన్యం ఓడతో ముందుగా చేరాడు. వెనక మరిన్ని ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు, ఊరివాళ్లకు తెలియదు. చెబితే ధర పడిపోతుంది. చెప్పాలా, ఊరుకోవాలా? సరుకులో లోపం దాచనంతవరకు ఊరుకోవచ్చు అన్నాడు డయోజనీస్ అనే తత్త్వవేత్త. చెప్పి తీరాలన్నాడు అతని శిష్యుడు ఆంటిపేటర్. సిసిరో మొగ్గింది శిష్యుడి వైపు.

కార్డుల బజారులో రోజూ జరిగేది ఈ కథే, కాస్త తిరగేసి. రేపు ఎస్‌బీసీ రాబోతోందని లీకైన కబురు ఒకడికి అందుతుంది. ఆ రాత్రే వాడు అందరి దగ్గరా ఆ కార్డులు చవగ్గా కొనేస్తాడు. అమ్మినవాడి వైపు ఎంత జాగ్రత్త ఉన్నా ఆ సంగతి తెలిసే దారి లేదు. 59వ నిమిషం బేరం ఇంత బరువైనది కాదు. అక్కడ ధరలు అందరికీ కనిపిస్తూనే ఉంటాయి, అమ్మినవాడు చూసుకోలేదంతే. అన్నిటికన్నా బరువైనది మూడోది. ఒక కార్డును ముందుగా తాను గుట్టుగా పోగేసుకుని, తర్వాత వీడియో పెట్టి "ఇప్పుడే కొనండి" అని చెప్పి, నమ్మి వచ్చినవాళ్లకే అమ్మడం. డయోజనీస్ మౌనాన్ని మాత్రమే ఒప్పుకున్నాడు. ఇది మౌనం కూడా కాదు, మోసం.

కొని దాచి అమ్మడమే పాపమనుకుంటే కోనసీమలో కొబ్బరి వర్తకం నిలవదు. కాయలను నెలల తరబడి అటకల మీద ఉంచి కురిడీ చేస్తారు. లోపల కాయ కుళ్లవచ్చు, పండుగల నాటికి ధర పడిపోవచ్చు. ఆ నష్టభయాన్ని నెత్తిన వేసుకున్నందుకే లాభం. అంబాజీపేట మార్కెట్ నుంచి ఉత్తరాదికి సరుకు వెళ్లే దారిలో దింపు కార్మికుడికీ, వలుపు కార్మికుడికీ, లారీ డ్రైవరుకూ పని దొరుకుతుంది. కార్డు దాచినవాడు కూడా నష్టభయం మోస్తాడు, కావలసినవాడికి కావలసిన వేళ సరుకు అందిస్తాడు. అంతవరకు అతనూ వర్తకుడే. ఈ మర్యాద అతనికి ఇవ్వకుండా మొత్తం బేరాన్ని జూదమని కొట్టిపారేయడం న్యాయం కాదు.

వర్తకుడి ధర్మం మీద మహాభారతం శాంతిపర్వంలో ఒక కథ ఉంది. జాజలి అనే తపస్వి కదలకుండా నిలబడితే జడల్లో పిట్టలు గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలు చేశాయి. ధర్మం సాధించేశానని అతను పొంగిపోతే, కాశీలో తులాధారుడనే వర్తకుణ్ని చూసి మాట్లాడమని ఒక వాణి వినిపించింది. తులాధారుడు సుగంధద్రవ్యాలూ మూలికలూ ఒకరి దగ్గర కొని మరొకరికి అమ్ముతాడు. అందులో కపటం లేదు. అతని తక్కెడ అందరికీ ఒకేలా తూగుతుంది. జాజలి అతని దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. లాభం తీసుకోవడం తప్పని ఆ కథ ఎక్కడా అనదు. తక్కెడ కొన్నవాడికీ అమ్మినవాడికీ కనబడేలా ఉందా అన్నదే దాని పరీక్ష.

ఈ పరీక్షకు పెడితే కుర్రాడి బేరాలన్నీ ఒకే గాటన కట్టవలసిన పని లేదు. ధరల చరిత్ర తానే గమనించి, లెక్క కట్టి, ఓపిగ్గా వేచి అమ్మిన కార్డులో దోషం లేదు. అడిగితే ఆ లెక్క ఎవరికైనా చూపించగలడు. లీకైన కబురుతో కొన్నది చూపించలేడు. కాయిన్లను చాటుగా రూపాయలకు అమ్మింది అసలే చూపించలేడు. తెర మీద కొనేవాడి ముఖం కనబడదు. అవతల ఉన్నది పదేళ్ల పిల్లవాడో, జీతం పెట్టి ప్యాక్ కొన్న ఉద్యోగో తెలియదు. ముఖం కనబడని బేరంలో అవతలివాణ్ని మరిచిపోవడం చాలా తేలిక. అసలు ప్రమాదం అక్కడుంది.

ఏటా వచ్చే కొత్త గేమ్‌లోకి పాత కాయిన్లు వెంట రావు. బేరం చేసే అలవాటు మాత్రం కుర్రాడితో వస్తుంది, రేపు షేర్ల దగ్గరికీ, భూముల దగ్గరికీ. కాబట్టి ఇంట్లో పెద్దలు ఫోన్ లాక్కునే ముందు పక్కన కూర్చుని ఒక బేరం మొదటినుంచి చివరిదాకా చూడాలి. ఎంతకు కొన్నాడు, ఎందుకు పెరుగుతుందనుకున్నాడు, ఆ సంగతి అమ్మినవాడికి తెలిసే వీలుందా అని అడగాలి. మూడో ప్రశ్న దగ్గర వాడు తడబడితే, తులాధారుడి కథ చెప్పడానికి అదే సమయం.