మైనాకుని ఆతిథ్యము

అంతర్వేదిలో శ్రీ లక్ష్మీనరసింహస్వామిని సేవించి సాగరసంగమమున నిలిచినపుడు ఆవలి గట్టు కానరాదు. అట్టి సాగరమును ఈదిన సాధకురాలు మన పొరుగున సామర్లకోటకు చెందిన శ్రీమతి గోలి శ్యామల. 2021లో శ్రీలంకలోని తలైమన్నారు నుండి ధనుష్కోటికి సుమారు 30 కిలోమీటర్లు, 13 గంటలకు పైగా ఈదిరి. 2024 డిసెంబరు 28న విశాఖలో బయలుదేరి, 2025 జనవరి ఆరంభమున కాకినాడలో గట్టెక్కిరి. అది ధనుర్మాసము.

ఇట్టి ఈతకు దీర్ఘాభ్యాసమే పునాది. అందలి పరీక్ష మొదటి గంటలో లేదు. భుజములు బరువెక్కి, గట్టు దూరమై తోచు నడిమి వేళలో ఉన్నది. లంకకు పోవు హనుమంతుని విశ్రమింపుమని మైనాకుడు వేడెను. మారుతి ఆతనిని నిరసింపలేదు. చేత స్పృశించి, మన్నించి, సాగిపోయెను.

బాల్యమున నేను కాలువ నడుమ అలసి వెనుదిరిగితిని. వెనుకకు ఈదినంత ముందుకు ఈదియున్నచో ఆవలి గట్టే చేరియుందును. పెద్దవాడనైన పిమ్మట ఒకయేడు తిరుప్పావై పారాయణ పట్టి, పదునైదు పాశురములతో విడిచితిని. పదునారవది ద్వారపాలకుని తలుపు తీయుమని వేడు పాశురము. స్వామి వాకిటి దాక వచ్చి మరలితిని!

అలసినపుడు ఇంకొక్క బార వేయుడు. తలుపు అచ్చటనే ఉన్నది.