తగ్గి ఆడిన ఏళ్లు

వయసు మీదపడ్డ ఆటగాణ్ణి చూస్తే మనకు ఎందుకో తొందర. పేరుండగానే తప్పుకోవచ్చు కదా అంటాం. అమెరికన్ బాస్కెట్‌బాల్ ఆటగాడు విన్స్ కార్టర్ ఆటజీవితం తెలిశాక నేనా మాట అనలేకపోతున్నాను.

2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో అతను ఏడడుగులు దాటిన ఫ్రెంచ్ ఆటగాడు ఫ్రెడరిక్ వైస్ తల మీదుగా ఎగిరి బంతిని బుట్టలోకి డంక్ చేశాడు. ఆ తర్వాతి ఎన్‌బీఏ సీజన్‌లో టొరంటో రాప్టర్స్ తరఫున మ్యాచ్‌కి సగటున 27.6 పాయింట్లు సాధించాడు. ఆ కీర్తి ఎంతో కాలం మచ్చలేకుండా నిలవలేదు. 2001 మే 20న పొద్దున నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో పట్టా అందుకుని, అదే రోజు ఫిలడెల్ఫియాలో ప్లేఆఫ్ సిరీస్‌ను తేల్చే ఏడో మ్యాచ్ ఆడాడు. ఆఖరి షాట్ తప్పింది. ఒక్క పాయింటుతో ఓటమి. మ్యాచ్ రోజున పట్టా అందుకోవడానికి వెళ్లినందుకు నిందపడ్డ మనిషిని తలచుకుంటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది. 2004లో న్యూజెర్సీ జట్టుకి మారాక టొరంటో వచ్చినప్పుడల్లా, బంతి ముట్టుకుంటే చాలు, జనం ఏళ్ల తరబడి గేలిచేశారు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మాత్రం ఆ తర్వాతి కాలం. డల్లాస్, మెంఫిస్, శాక్రమెంటో, అట్లాంటా జట్లలో ఆడిన కాలం. చాలా రాత్రులు బెంచీ మీంచి లేచొచ్చి కాసేపు ఆడేవాడు. అట్లాంటాలో జట్టుకి ఆధారమైన ట్రే యంగ్, కార్టర్ ఎన్‌బీఏకు ఎంపికైన 1998 జూన్ నాటికి ఇంకా పుట్టనే లేదు. ఇంటి పెత్తనం కొడుక్కి అప్పగించి కూడా రోజూ పొలానికి వెళ్లే పెద్దాయన్ని మనం చూరు పట్టుకు వేలాడుతున్నాడని అనం కదా! పాత చోటు తనదేనని పట్టుబడితే అది వేలాడడం. కార్టర్ ఆ చోటు వదిలేశాడు, ఆట వదల్లేదు. చివరి ఏళ్లలో టైటిల్ కోసం బలమైన జట్టు నీడన చేరనూ లేదు. కుర్రాళ్లున్న చోట, తనకు ఆడే వీలున్న చోట చేరాడు.

చివరి సీజన్‌లో సగటు 5 పాయింట్లు. 2020 మార్చి 11న కోవిడ్ వల్ల సీజన్ ఆగిపోతోందన్న కబురు మ్యాచ్ నడుస్తుండగానే వచ్చింది. అదనపు సమయంలో, గెలుపు చేజారాక, కోచ్ అతన్ని కోర్టులోకి పంపాడు. నలభై మూడేళ్ల మనిషి దూరం నుంచి మూడు పాయింట్ల షాట్ వేశాడు, పడింది. అట్లాంటా ఎలాగూ ఓడిపోయింది. 22 సీజన్లు ఆడినా ఒక్క టైటిలూ దక్కలేదు. దక్కి ఉంటే బాగుండేదని నాకూ ఉంది. కానీ ఆ టైటిల్ కోసం ఆ చివరి ఏళ్లలో ఒక్కదాన్నైనా ఇచ్చెయ్యమంటే, అతను ఒప్పుకునేవాడని నేననుకోను.