నిమిత్తమాత్రం: హెడ్‌లైట్ వైరింగ్‌లో దొరికిన అర్థం

ఈ వారం వీడియోలో గీత 11వ అధ్యాయం, 33వ శ్లోకం చెప్పుకున్నాం కదా. విశ్వరూపం చూసి వణికిపోతున్న అర్జునుడితో స్వామి అంటాడు, వీళ్ళని నేను ముందే సంహరించేశాను, నువ్వు నిమిత్తమాత్రుడిగా ఉండు చాలు అని. ఆ ఒక్క మాట గురించి ఇంకాస్త మాట్లాడాలనిపించింది. నిజం చెప్పాలంటే అది నాకు బాగా ఎక్కింది మా నాన్నగారి కారు బానెట్ ఎత్తినప్పుడే.

ఇరవై ఏళ్ళ నాటి బండి. చీకటి పడితే నాన్నగారు దాన్ని బయటికి తీయడం మానేశారు. "కళ్ళు పోతున్నాయిరా" అనేవారు. కళ్ళ డాక్టరేమో చూసి ఏ లోపమూ లేదన్నారు. సిగ్నల్ దగ్గర ఆగితే హెడ్‌లైట్లు ఎర్రబడిపోతాయి, ఏసీ వేస్తే ఇంకా మసక. మెకానిక్ బల్బులు మార్చాడు, బ్యాటరీ కూడా మార్చాడు. తేడా ఏమీ లేదు.

మల్టీమీటర్ పెట్టి చూశాను. ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు. అదే సమయంలో బల్బు పిన్నుల దగ్గర 11.6. అంటే 2.2 వోల్టులు దారిలోనే వేడిగా మారి పోతున్నాయి. హాలోజన్ బల్బుకి వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది. ఈ లెక్కన మా బండికి మిగిలింది సగం వెలుగు. బ్యాటరీలో శక్తికి లోటు లేదు, బల్బు బాగుంది, నాన్నగారి కళ్ళూ బాగున్నాయి!

లోపం దారిలో ఉంది. పాత కార్లు చాలావాటిలో హెడ్‌లైట్ల కరెంటు మొత్తం స్టీరింగ్ పక్కనుండే స్విచ్ గుండానే పోతుంది. హైబీమ్‌లో రెండు 60 వాట్ల బల్బులంటే దాదాపు 10 ఆంపియర్లు. ఆ కరెంటు సన్నటి వైరులో డ్యాష్‌బోర్డు లోపలికి వచ్చి, స్విచ్‌లోని గోరంత కాంటాక్టు దాటి, మళ్ళీ ముందుకి వెళ్ళాలి. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ కాంటాక్టు మాడి నల్లబడుతుంది. నల్లబడితే రెసిస్టెన్స్ పెరుగుతుంది, అది పెరిగితే ఇంకా వేడెక్కుతుంది.

ఇప్పుడు మొదటి అధ్యాయంలో అర్జునుణ్ణి గుర్తు తెచ్చుకోండి. ఒళ్ళు మండిపోతోందంటాడు, గాండీవం చేతిలోంచి జారిపోతోందంటాడు. అంతటి వీరుడికి బలం తక్కువై కాదు కదా అలా అయింది! నేను చంపాలి, నేనే పాపం మొయ్యాలి, నా వల్లే కులం నాశనమవుతుంది అంటూ కురుక్షేత్రం బరువంతా "నేను" అనే ఆ గోరంత కాంటాక్టు గుండా పంపిస్తున్నాడు. మాడక ఏమవుతుంది?

దీనికి మందు రిలే. అగ్గిపెట్టె కంటే చిన్న డబ్బా. బ్యాటరీ నుంచి రెండున్నర స్క్వేర్ ఎంఎం రాగి వైరు నేరుగా రిలేకి, అక్కణ్ణుంచి నేరుగా బల్బులకి. పాత స్విచ్ ఎక్కడికీ పోదు. కానీ ఇప్పుడు దాని గుండా పోయేది రిలే కాయిల్‌ని లేపడానికి సరిపడా కరెంటే, 0.2 ఆంపియర్ల లోపు. స్విచ్ వెయ్యగానే లోపల "ఠక్" అంటుంది, అసలు బరువు బ్యాటరీ చూసుకుంటుంది. బల్బు దగ్గర 13.4 వోల్టులు వచ్చాయి. ఆ వారమే నాన్నగారు రాత్రి తొమ్మిదింటికి మిర్యాలగూడ బయల్దేరారు, నన్ను అడగను కూడా అడగకుండా.

నిమిత్తమంటే అదీ. "అయితే అంతా స్వామే చేస్తాడు, నేను పడుకోవచ్చా?" అని మీలో కొందరికి అనిపిస్తుంది. స్విచ్ వెయ్యకుండా రిలే ఎత్తుకోదండీ. అర్జునుడు లేచి బాణాలు వేశాడు. సుందరకాండలో హనుమంతుణ్ణి చూడండి. ముందు నేను రాముడి దాసుణ్ణి అని ప్రకటించుకుంటాడు, ఆ తర్వాతే వెయ్యిమంది రావణులొచ్చినా లెక్కలేదంటాడు. ఆ ధైర్యానికి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోందో ఆయనకి తెలుసు.

నా స్నేహితుడొకడు వాళ్ళ నాన్నని వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్తాడు. ఆఫీసు, ఈఎంఐ మామూలే. "నేను కాస్త తడబడితే నాన్న ఉండడు" అని ఒక రాత్రి ఫోన్లో ఏడ్చాడు. వాడికి నేను శ్లోకం చెప్పలేదు, చెప్పే సమయం కాదది. నెల తర్వాత వాడే అన్నాడు, "తీసుకెళ్ళడం నా పని, ఆయన ఆయువు నా చేతిలో లేదురా" అని. చెల్లెలిని కూడా అడిగి వారంలో ఒక రోజు ఆమెకి అప్పజెప్పాడట. డయాలసిస్ తగ్గలేదు, మారింది బరువు వెళ్ళే దారి.

మనలో చాలామంది దీనికి ఉల్టా చేస్తాం. జపం మసకబారిందంటే ఇంకో వ్రతం, ఇంకో దీక్ష, ఇంకో యాత్ర నెత్తిన వేసుకుంటాం. షాపులో 100 వాట్ల బల్బు కొని పాత సన్నటి వైరుకే తగిలించడం లాంటిది ఇది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది, హోల్డరు కరిగిపోతుంది. అన్నట్టు, ఎదురొచ్చేవాడి కళ్ళల్లో కొట్టే భక్తి కూడా ఈ బాపతే.

ఇంకో సంగతి. రిలే పెట్టాక కూడా మా బండికి ఎడమవైపు లైటు కాస్త డల్‌గానే ఉండింది. చూస్తే ఎర్త్ బోల్టు తుప్పు పట్టి ఉంది. కరెంటు రావడానికి లావు వైరు వేశాను, తిరిగి బ్యాటరీకి వెళ్ళే దారి మూసుకుపోయి ఉంది. ఉప్పుకాగితంతో గీకి బిగించాక సరైంది. పూజ చివర అరచేతిలో నీళ్ళు పోసుకుని కృష్ణార్పణం అంటూ పళ్ళెంలోకి వదులుతాం చూడండి, నాకు ఇప్పుడు అక్కడ ఆ బోల్టే గుర్తొస్తుంది. ప్రమోషన్ రావాలని మొక్కుకునేటప్పుడు వైరు లావుగానే ఉంటుంది. వచ్చాక ఆ ఫలితాన్ని వదిలే చోట తుప్పు.

ఈ పని చేయించాలనుకునేవాళ్ళకి: మొదట బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేయమనండి, కొత్త వైరుకి బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజు తప్పకుండా పెట్టించండి. మీకు చేతకాకపోతే ఆటో ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. వచ్చే వారం 34వ శ్లోకం.

జై శ్రీకృష్ణ.