ఇవ్వనిది తీసుకోవద్దు
బౌద్ధ క్షేత్రాల పర్యాటకం - ఆ ఊళ్ల సమ్మతి





పంచశీలలో రెండోది మనందరికీ నోటికి వచ్చు. దాన్ని 'దొంగతనం చెయ్యను' అని తెలుగులో చెప్పుకుంటాం. పాళీ మాట అంతకన్నా విశాలమైనది. 'అదిన్న' అంటే ఇవ్వనిది. 'ఆదాన' అంటే తీసుకోవడం. ఇవ్వనిదాన్ని తీసుకోకుండా ఉంటానని మనం మాట ఇస్తున్నాం. గోడ దూకి తీసుకుంటేనే తప్పు, కాగితం మీద సంతకం పెట్టి తీసుకుంటే ఒప్పు అని ఈ శీలంలో ఎక్కడా లేదు. ఇచ్చారా, ఇవ్వలేదా? అంతే ప్రశ్న.

ఈ ప్రశ్నను మన యాత్రలకు, మన క్షేత్రాలకు పెట్టి చూద్దాం.

బుద్ధ పూర్ణిమకో, అక్టోబర్ 14కో మనం వాడలో చందాలు వేసుకుని బస్సు మాట్లాడుకుంటాం. నాగార్జునకొండ పోతాం, అమరావతి పోతాం, అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ ఎక్కుతాం. ప్రభుత్వాలు కూడా ఈ దారి పట్టాయి. కేంద్రం 2014-15లో మొదలుపెట్టిన స్వదేశ్ దర్శన్ పథకం కింద శాలిహుండం, బావికొండ, బొజ్జన్నకొండ, అమరావతి, అనుపు లాంటి చోట్లను కలిపి ఆంధ్రప్రదేశ్‌లో బౌద్ధ సర్క్యూట్ అన్నారు. తెలంగాణలో నాగార్జునసాగర్ దగ్గర 274 ఎకరాల్లో బుద్ధవనం కట్టి 2022 మే నెలలో తెరిచారు. ఇవి చూసి మనకు సంతోషమే. వందల ఏళ్లు మట్టి కింద పడి ఉన్న మన చరిత్రకు ఇప్పుడు రోడ్డు పడింది, బోర్డు పడింది.

అయితే ఆ కొండ కింద ఒక ఊరు ఉంటుంది. ఆ ఊరి నీళ్లు, దారి, బీడు భూమి, పండగ స్థలం ఈ ప్లానులోకి వచ్చేస్తాయి. అవి ఆ ఊరు ఇచ్చినవా? ఎవరైనా అడిగారా? అడిగితే ఎవర్ని అడిగారు?

మనకు జరిగినప్పుడు

ఈ బాధ మనకు కొత్త కాదు. బోధ్ గయ సంగతే చూడండి. తథాగతుడికి సంబోధి కలిగిన చోటు. 2002లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించారు. ఏటా ఎన్నో దేశాల జనం వస్తారు. కానీ 1949 నాటి బోధ్ గయ ఆలయ చట్టం ప్రకారం నిర్వహణ కమిటీలో బౌద్ధులు నలుగురు, హిందువులు నలుగురు, పైన జిల్లా కలెక్టర్. ఆ కలెక్టర్ హిందువై ఉండాలన్న షరతును 2013లో గానీ తీసెయ్యలేదు. బౌద్ధుల అత్యంత పవిత్ర స్థలంలో బౌద్ధుల మాట సగానికి మించదు. 1891లో అనగారిక ధర్మపాల మొదలుపెట్టిన పోరాటం ఇంకా ముగియలేదు. 2025 ఫిబ్రవరిలో భిక్షువులు నిరాహార దీక్షకు కూర్చున్నప్పుడు మన ఊళ్లలో కూడా సంఘీభావ సభలు పెట్టుకున్నాం.

నాగపూర్ దీక్షాభూమి ఇంకా దగ్గరి ఉదాహరణ. 1956 అక్టోబర్ 14న బాబాసాహెబ్ లక్షలమందితో ధమ్మంలోకి నడిచిన నేల అది. అక్కడ అభివృద్ధి పనుల్లో భాగంగా భూగర్భ పార్కింగ్ కోసం తవ్వకాలు మొదలెట్టారు. స్తూపానికి, బోధివృక్షానికి ముప్పు వస్తుందని జనం ఆందోళన చెందారు. 2024 జూలై 1న వేలమంది చేరి అడ్డుకుంటే, ప్రభుత్వం పని ఆపేసింది. వచ్చే వాహనాలకు చోటు కావాలన్నది నిజమే. పార్కింగ్ అనే ఆలోచనలో పాపం లేదు. కానీ ఆ నేలను ప్రాణంగా చూసుకునేవాళ్లతో ముందే కూర్చుని మాట్లాడి, వాళ్ల సమ్మతి తీసుకుని ఉంటే ఆ రోజు అంత కోపం ఎందుకు పుడుతుంది?

ఈ రెండు చోట్లా మనం అడిగింది ఒక్కటే. మా స్థలం గురించి మమ్మల్ని అడగకుండా తీర్మానం చెయ్యొద్దు.

మనమే బయటివాళ్లమైనప్పుడు

ఇప్పుడు కుర్చీ తిప్పి చూద్దాం. బొజ్జన్నకొండకు మన బస్సు పోయినప్పుడు మనం ఎవరం? ఆ రాతి స్తూపాలతో మనకు ధమ్మ సంబంధం ఉంది. ఆ ఊరికి మాత్రం మనం పైనుంచి వచ్చినవాళ్లం. పొద్దున వచ్చి సాయంత్రం పోతాం. మనం వదిలిన ప్లాస్టిక్ గ్లాసులు, విస్తరాకులు అక్కడే ఉంటాయి. మన బస్సు ఆపిన చోట ఎవరిదో కళ్లం ఉంటుంది.

నాగార్జునకొండ సంగతి మరీ లోతైనది. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున తవ్వకాలు చేసి, దొరికిన కట్టడాలను కొండ మీదికి, అనుపు దగ్గరికి తరలించి మళ్లీ నిలబెట్టారు. గొప్ప పని, అందులో సందేహం లేదు. ఆ లోయలో ఊళ్లు కూడా ఉండేవి. లాంచీ ఎక్కి ద్వీపానికి పోయే మనలో ఎంతమందిమి, ఆ మనుషులు ఎటు పోయారని అడిగాం?

రక్షణకు కూడా ఖరీదు ఉంటుంది. 2010లో సవరించిన పురాతన కట్టడాల చట్టం ప్రకారం కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపైన మరో 200 మీటర్లు అనుమతి ఉంటేనే కట్టాలి. స్తూపం బతకాలంటే ఇది అవసరం. కానీ ఆ గీత లోపల రెండు గదుల ఇల్లు ఉన్నవాడి కొడుక్కి పెళ్లయితే ఇంకో గది వేసుకోవడానికి లేదు. మన వారసత్వం కోసం అతను రోజూ ఇస్తున్నాడు. మనం అతనికి ఇచ్చింది ఏముంది? కనీసం అతన్ని లెక్కలోకి తీసుకున్నామా?

'వాళ్లకు ధమ్మం తెలీదు కదా'

ఇక్కడ మీలో కొందరు అడ్డు చెబుతారు. చెప్పాలి కూడా. బొజ్జన్నకొండ దగ్గర కనుమ రోజు చుట్టుపక్కల జనం తీర్థంగా వస్తారు. అక్కడి ఒక రాతి రూపాన్ని రాక్షసుడనుకుని రాళ్లు విసిరే ఆచారం ఒకప్పుడు ఉండేది. పక్కనున్న లింగాలకొండ మీది రాతి స్తూపాలను జనం లింగాలనుకున్నారు. 'రాళ్లు వేసినవాళ్లని అడిగి మనం ప్లాను వెయ్యాలా?' అన్నది మొదటి అభ్యంతరం.

దీనికి నా జవాబు ఇది. స్తూపాన్ని పగలగొట్టొచ్చా లేదా అన్నది ఓటుకు పెట్టే విషయం కాదు. హాని చేసే హక్కు ఎవరికీ లేదు, ఊరికీ లేదు, ప్రభుత్వానికీ లేదు. ఆ ఆచారాన్ని ఆపడం న్యాయమే. కానీ ఆ ఊరి పేరు శంకరం. సంఘారామం అనే మాటే అలా మారిందని చరిత్రకారులు చెబుతారు. ఊరి పేరులోనే సంఘం ఉన్నవాళ్లకు ఆ చరిత్ర అందకుండా పోయింది. అది వాళ్ల తప్పు ఒక్కటే అనగలమా? మన తాతలకు కూడా అది అందలేదు కదా! బాబాసాహెబ్ చెప్పేదాకా మనకెవరు చెప్పారు? పోలీసును నిలబెడితే రాయి ఆగుతుంది. ఆ కొండ తమది కూడా అని ఊరికి అనిపిస్తేనే కాపలా మొదలవుతుంది. కనుమ తీర్థానికి వచ్చే జనాన్ని గేటు బయట పెట్టే ప్లాను కొండకు శత్రువుల్నే పెంచుతుంది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. 'ఊరు, ఊరు అంటున్నావు. ఊరి గురించి బాబాసాహెబ్ ఏమన్నారో మర్చిపోయావా?' మర్చిపోలేదు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ఆయన గ్రామాన్ని సంకుచితత్వానికి, అజ్ఞానానికి, మతతత్వానికి నిలయమని తేల్చి చెప్పారు. అది మనం ఒంటి మీద అనుభవించిన నిజం. పర్యాటక శాఖ 'స్టేక్‌హోల్డర్ల సమావేశం' పెడితే ముందు వరసలో కూర్చునేది ఎవరు? హోటలు కట్టాలనుకునేవాడు, కాంట్రాక్టరు, రోడ్డు పక్క భూమి కొన్న పెద్దమనిషి. వాడ చివర నిలబడుతుంది. తర్వాత ఉద్యోగాలు పంచేటప్పుడు టికెట్ల కుర్చీ ఒకరికి, గైడు పని ఒకరికి, చీపురు మాత్రం మనవాళ్లకి. ఊరి సమ్మతి అని దీన్నే పిలిస్తే అది ఇవ్వనిదాన్ని తీసుకోవడానికి ఇంకో పేరు.

కాబట్టి ఊరిని అడగడం చాలదు, ఎలా అడగాలో కూడా తేల్చుకోవాలి. దానికి నమూనా మన దగ్గరే ఉంది.

సంఘం ఎలా తీర్మానించేది?

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ ఈ దేశానికి పార్లమెంటరీ పద్ధతి కొత్త కాదని, భిక్షు సంఘాలకు తీర్మానాలు, కోరం, ఓటింగు అన్నీ తెలుసని గుర్తుచేశారు. వినయంలో ఆ నియమాలు కనిపిస్తాయి. ముందు 'ఞత్తి' అనే ప్రతిపాదన పెట్టాలి. ముఖ్యమైన విషయమైతే మూడుసార్లు అడగాలి. ఒప్పుకోనివాళ్లు మాట్లాడాలి. తగువు తెగకపోతే శలాకలు, అంటే చిన్న పుల్లలు, పంచి లెక్కపెట్టాలి. జబ్బుతో రాలేని భిక్షువు సమ్మతిని మరొకరి ద్వారా తెప్పించాలి.

ఈ చివరి నియమం మీద కాసేపు ఆగండి. రాలేనివాడిని వదిలెయ్యలేదు. మన దగ్గర గ్రామసభ పొద్దున పదకొండింటికి పెడతారు. కూలికి పోయిన ఆడవాళ్లు, వేటకు పోయిన మత్స్యకారులు, మేకలు తోలుకుపోయినవాళ్లు ఎలా వస్తారు? తొట్లకొండ కింద సముద్రం ఒడ్డున మంగమారిపేట లాంటి పల్లెలున్నాయి. బీచ్ రోడ్డు ప్లాను వేసేటప్పుడు వలలు ఆరేసుకునే చోటు గురించి చెప్పగలిగేది ఆ పల్లెవాళ్లే. సభ రాత్రి పూట పెట్టాలి. ఊళ్లో ఒకటి, వాడలో ఒకటి వేరుగా పెట్టి, ఆ తర్వాత కలపాలి. ఆడవాళ్ల మాట ఆడవాళ్ల నోటనే వినాలి. ఇంకో తేడా కూడా గుర్తుంచుకోవాలి. సంఘంలో మౌనం సమ్మతి. ఊళ్లో మౌనం చాలాసార్లు భయం.

మహాపరినిబ్బాన సుత్తం మీలో చాలామంది చదివే ఉంటారు. పుట్టిన చోటు, సంబోధి చోటు, మొదటి ఉపదేశం చోటు, పరినిర్వాణం చోటు శ్రద్ధతో చూడదగినవని బుద్ధుడు ఆనందుడికి చెప్పింది అందులోనే. మన యాత్రలకు మూలం అదే. అదే సుత్తం మొదట్లో వజ్జీల ప్రస్తావన ఉంది. తరచుగా సమావేశమవుతూ, కలిసి కూర్చుని, కలిసి లేస్తున్నంతకాలం వాళ్లకు క్షీణత లేదని బుద్ధుడు చెబుతాడు. యాత్ర సంగతి మనం పట్టుకున్నాం. సభ సంగతి వదిలేశాం. రెండూ ఒకే సుత్తంలో ఉన్నాయి.

సభలో ఏం అడగాలి?

సుస్థిర పర్యాటకం అనే పెద్ద మాటకు ఊళ్లో చిన్న ప్రశ్నలుంటాయి. ఎండాకాలంలో రిసార్టుకు నీళ్లు ఎక్కడివి, మన బోరు ఎండితే బాధ్యత ఎవరిది? రోజుకు ఎన్ని బండ్లు ఈ కొండ తట్టుకుంటుంది? చెత్త ఎవరెత్తుతారు, జీతం ఎంత, గ్లౌజులు ఇస్తారా? టీ కొట్టు, కొబ్బరిబొండాల బండి ఉంటాయా, పోతాయా? గైడు శిక్షణలో వాడ పిల్లలకు ఎన్ని సీట్లు? పార్కింగ్ టెండరు డబ్బులో పంచాయతీకి ఎంత? అసైన్డ్ భూమి మీద ఎవరి కన్ను పడింది? పేదలకిచ్చిన ఆ భూములు చేతులు మారకూడదని 1977లో చట్టం చేశారు. 'అభివృద్ధి వస్తోంది, ఇచ్చెయ్' అని తెల్లకాగితం మీద వేలిముద్ర అడిగితే ఇవ్వొద్దని మనమే ముందు చెప్పాలి. ఒప్పుకున్నవి రాతలో ఉండాలి. ఏడాదికోసారి అదే సభలో లెక్క చెప్పాలి. నచ్చకపోతే 'వద్దు' అనే వీలు ఉండాలి. వద్దనే వీలు లేనివాడు 'సరే' అంటే అది ఇవ్వడం కాదు.

మనవైపు నుంచి కూడా చెయ్యాల్సింది ఉంది. ఈసారి బస్సు కట్టే ముందు ఆ ఊరి వాడలో ఒకరికి ఫోను చెయ్యండి. భోజనం అక్కడి మహిళా సంఘంతో వండించుకుని సరైన ధర ఇవ్వండి. మన చెత్త మన బస్సులోనే తెచ్చుకుందాం. వందన అయ్యాక ఒక గంట ఊరివాళ్లతో కూర్చుని, ఆ కొండ కథ మనకు తెలిసింది చెబుదాం, వాళ్లకు తెలిసింది విందాం. ధమ్మపదంలో తుమ్మెద ఉపమానం మీకు తెలుసు. పువ్వుకు నొప్పి తగలకుండా తేనె తీసుకున్నట్టు ముని ఊళ్లో తిరగాలని దాని భావం. అది ఊళ్లోకి పోయే మనిషి గురించి చెప్పిన మాట. మన యాత్రకు అంతకన్నా మంచి నియమావళి నాకు కనిపించలేదు.

అమరావతి శాసనాల్లో విధికుడనే చర్మకారుడి పేరు ఉంది. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లతో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతి ఫలకాన్ని మహాస్తూపానికి ఇచ్చాడు. తోలు పని చేసే మనిషి పేరు ఇంటిల్లిపాదితో సహా రాతి మీద నిలిచింది. వ్యాపారులు, గృహస్థులు, భిక్షుణులు, ఎందరెందరో అలాగే ఇచ్చారు. ఆ స్తూపం అలా ఇచ్చిన రాళ్లతో లేచింది. ఇచ్చినవాటితో కట్టిన చోటును తీసుకున్నవాటితో అభివృద్ధి చెయ్యడం ధమ్మం కాదు.

బోధ్ గయలో మనం అడిగే హక్కును శంకరంలో, అమరావతిలో, మంగమారిపేటలో మనం గౌరవిస్తేనే మన గొంతుకు బలం. వచ్చే పూర్ణిమకు మీ విహారంలో ఈ విషయం చర్చకు పెట్టండి. మూడుసార్లు అడగండి. రాలేనివాళ్ల మాట కూడా తెప్పించుకోండి.

జై భీమ్! నమో బుద్ధాయ!